ఎవరి నీళ్ళల్లో కూర్చున్నారు సార్?

(అంబేద్కర్ జయంతి సాయంత్రం మా పల్లె గ్రంథాలయం ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటల్నే కొంచెం సవరించి రాసి ఇస్తున్నాను.)



పొద్దుటి నుంచి ఉపన్యాసాలు విని విని మీరు అలిసిపోయారని నాకు తెలుసు. భూమి గురించి మాట్లాడారు. ఉద్యోగాల గురించి మాట్లాడారు. శ్మశానం దారి గురించి మాట్లాడారు. అవన్నీ మాట్లాడాల్సినవే. నేను మాత్రం ఇవ్వాళ ఒక బొమ్మ గురించి మాట్లాడతాను. వెనకాల బల్ల మీద కూర్చున్న పెద్దాయన నవ్వుతున్నాడు. "బొమ్మలు చూసే తీరిక మనకెక్కడిది మేస్టారూ" అంటున్నాడు. ఆ మాట అందరూ గుర్తు పెట్టుకోండి. తీరిక మనకెక్కడిది అన్నాడు. ఈ బొమ్మ కథంతా ఆ తీరిక గురించే.

గోడకు అంటించిన ఈ రంగుల కాగితం చూడండి. టౌన్లో ప్రింటు తీయించి అట్టకు అతికించాను. పోయిన నెలలో దీన్ని ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించాను. "ఏం కనిపిస్తోంది చెప్పండి" అన్నాను. ఒకడు నది అన్నాడు. ఒకడు కుక్క అన్నాడు. ఒక పిల్ల పొగగొట్టాలు అంది. మన పల్లె పిల్లోడు ఒకడు, చివరి వరసలో కూర్చునేవాడు, చాలాసేపు చూసి, "సార్, వాళ్ళు ఎవరి నీళ్ళల్లో కూర్చున్నారు?" అని అడిగాడు.

క్లాసులో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పదమూడేళ్ళ పిల్లోడు నీళ్ళు చూడగానే మొదట అడిగిన ప్రశ్న అది. నీళ్ళు లోతా, చల్లగా ఉన్నాయా, చేపలున్నాయా అని అడగలేదు. ఎవరివి అని అడిగాడు. వాడికి ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇవ్వాళ మీ అందరి ముందూ చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు బొమ్మ చూద్దాం. ఎడమ వైపు గడ్డి ఒడ్డు. మంచి ఎండ. ఒడ్డు అంచున ఒక కుర్రాడు కాళ్ళు నీళ్ళల్లో పెట్టి కూర్చున్నాడు. వీపు వంగిపోయింది. భుజాలు జారిపోయాయి. చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. వాడి వెనకాల విప్పిన బట్టలు, బూట్లు, గడ్డి టోపీ. ముందు వైపు ఒకతను టోపీ తలమీదే ఉంచుకొని మోచేతి మీద ఒరిగి పడుకున్నాడు. పక్కన గోధుమరంగు కుక్క. అవతల ఇంకొకడు మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నాడు. కుడి వైపు నీళ్ళల్లో ఒకడు వీపు మనవైపు పెట్టి నిలబడ్డాడు. అందరికంటే కుడి చివర ఎర్రటోపీ పిల్లోడు నడుం లోతు నీళ్ళల్లో నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలాగా పెట్టి కేక వేస్తున్నాడు.

ఇప్పుడు దూరంగా చూడండి. నది మీద తెరచాప పడవలు. ఒక చిన్న పడవలో ఎత్తు టోపీ పెట్టుకున్న దొర, గొడుగు పట్టుకున్న దొరసాని. పడవ చివర ఫ్రాన్స్ దేశపు మూడు రంగుల జెండా. పడవ నడిపేవాడు వేరే ఉన్నాడు, గమనించండి. ఇంకా దూరంగా రైలు వంతెన. దాని వెనక ఫ్యాక్టరీ పొగగొట్టాలు. పొగ వస్తోంది.

బొమ్మంతా ఇంతే. యుద్ధం లేదు, దేవుడు లేడు, ఏ మహత్తూ లేదు. కష్టం చేసుకొని బతికే కొందరు మొగోళ్ళు నది ఒడ్డున చల్లబడుతున్నారు.

దీన్ని గీసినవాడు జార్జ్ సెరా. ఫ్రాన్స్ వాడు. 1884లో గీశాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. 1891లో ముప్ఫై ఒక్క ఏళ్ళకే చనిపోయాడు. ఈ బొమ్మ పేరు 'ఆనియేర్ దగ్గర స్నానాలు'. ఆనియేర్ అనేది పారిస్ నగరానికి నాలుగైదు మైళ్ళ దూరంలో సీన్ నది ఒడ్డున ఉన్న ఊరు. దూరంగా కనిపించే ఫ్యాక్టరీలు క్లిషీ అనే చోటివి. అసలు బొమ్మ ఇవ్వాళ లండన్లో నేషనల్ గ్యాలరీలో ఉంది.

దాని కొలత వినండి. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. అంటే మన గ్రంథాలయం ఈ గోడంత. కొలత ఎందుకు చెబుతున్నానంటే, బొమ్మ కొలతలో కూడా పెత్తనం ఉంటుంది. ఆ రోజుల్లో ఫ్రాన్స్ లో ఇంత పెద్ద గుడ్డ మీద ఎవర్ని గీయాలో ఒక ఆచారం ఉండేది. దేవుళ్ళను గీయాలి. రాజుల్ని గీయాలి. పురాణాలు, యుద్ధాలు గీయాలి. కూలివాణ్ణి గీస్తే చిన్న అట్ట మీద, గోడ మూలకు పెట్టుకునేట్టు గీయాలి. సెరా కంటే ముప్ఫై ఏళ్ళు ముందే కూర్బే అనే చిత్రకారుడు పల్లెటూరి రైతుల శవయాత్రను ఆరు మీటర్ల వెడల్పు గుడ్డ మీద గీసి ఆ ఆచారాన్ని తన్నాడు. సెరా అదే దారిలో నడిచాడు. దేవుడికిచ్చే కొలత తెచ్చి బూట్లు విప్పి కూర్చున్న కుర్రాడికి ఇచ్చాడు.

ఇంకొక ఆచారం కూడా ఉంది. స్నానాల బొమ్మ అంటే దేవతల బొమ్మ. అడవిలో కొలను, కొలనులో దేవకన్యలు, చెట్టు చాటున ఒక మొగోడు. యూరప్ నిండా ఇవే. మనకు మాత్రం తక్కువా? మన కిరాణా కొట్టు క్యాలెండరు మీద ఏముంది? గోపికలు నీళ్ళల్లో నిలబడి చేతులు జోడిస్తుంటారు. చీరలు చెట్టు మీద ఉంటాయి. ఎత్తుకుపోయినవాడు కొమ్మ మీద కూర్చొని వేణువూదుతుంటాడు. ఇది భక్తి అని చెప్పారు, మనం దణ్ణం పెట్టాం. ఆ బొమ్మల్లో చూసేవాడు ఎప్పుడూ పైన ఉంటాడు. స్నానం చేసేవాళ్ళు కింద ఉంటారు. వాళ్ళ సిగ్గే చూసేవాడికి వినోదం.

ఈ బొమ్మలో అది లేదు. ఎవరి బట్టలూ ఎవరూ ఎత్తుకుపోలేదు. కుర్రాడి బట్టలు వాడి వెనకాలే మడత పడి ఉన్నాయి. వీళ్ళలో ఒక్కడు కూడా మనవైపు చూడడు. మన మెప్పు వాళ్ళకు అక్కర్లేదు. అందరూ ఒకే వైపు, నీళ్ళ వైపు చూస్తున్నారు. పనివాణ్ణి గీసిన బొమ్మలు లోకంలో చాలా ఉన్నాయి. నాగలి పట్టినవాడు, మూట మోసేవాడు, చెమట కారుస్తున్నవాడు. మన మీద జాలిపడే బొమ్మలు కూడా చాలా ఉన్నాయి. పని చేస్తున్నప్పుడే మనం కనపడతాం, లేకపోతే ఏడుస్తున్నప్పుడు కనపడతాం. ఊరికే కూర్చున్నప్పుడు మనల్ని చూసి "సోమరిపోతులు" అంటారు. సెరా ఊరికే కూర్చున్నవాణ్ణి గీశాడు. సోమరి అనలేదు. శిల్పం చెక్కినంత గౌరవంగా గీశాడు. వంగిపోయిన ఆ వీపు చూడండి. అది పని చేసి వచ్చిన వీపు. మన ఇళ్ళల్లో రోజూ చూసే వీపు.

వీళ్ళు ఫ్యాక్టరీ కార్మికులేనా అని పండితుల్లో వాదం ఉంది. కొందరు కార్మికులంటారు, కొందరు చిన్న గుమాస్తాలంటారు. నా మాట ఏమిటంటే, వెనకాల పొగగొట్టాలు ఊరికే పెట్టలేదు. ఈ ఒడ్డున విశ్రాంతి, ఆ దూరాన పొగ. రెంటినీ ఒకే గుడ్డ మీద పెట్టాడు. ఈ శరీరాలు ఎక్కడి నుంచి వచ్చాయో, మళ్ళీ ఎక్కడికి పోవాలో ఆ పొగ చెబుతోంది.

1884 అంటే ఎలాంటి కాలం? అప్పటికి పదమూడేళ్ళ కింద, 1871లో, పారిస్ శ్రమజీవులు తమ నగరాన్ని తామే పాలించుకుంటామని లేచారు. దాన్నే పారిస్ కమ్యూన్ అంటారు. ఆ మే నెలలో ఒక్క వారంలో సైన్యం వేలాది మందిని చంపింది. 1880లో ఆదివారం పని ఆపాలన్న పాత చట్టాన్ని కూడా రద్దు చేశారు. ఈ బొమ్మ గీసిన 1884లోనే మార్చి నెలలో కార్మిక సంఘాలు పెట్టుకోవడానికి చట్టబద్ధమైన హక్కు వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు అందరికీ ఇవ్వాలన్న చట్టం మాత్రం 1906 జూలైలో గానీ రాలేదు. అంటే ఈ బొమ్మలో మనుషులు కూర్చున్న నాటికి వాళ్ళకు విశ్రాంతి హక్కు కాదు. దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఇప్పుడు మళ్ళీ చూడండి. ఊరికే కూర్చోవడం అంత చిన్న సంగతిగా కనిపిస్తోందా?

ఇక మన పిల్లోడి ప్రశ్న. ఎవరి నీళ్ళు?

ఆ నది పేరుకు అందరిదీ. కాని ఒడ్డులు రెండు. ఎదురుగా కుడి చివర చెట్లు కనిపిస్తున్నాయి గదా, అది గ్రాండ్ జాట్ అనే దీవి. సెరా ఈ బొమ్మ తర్వాత ఆ దీవి మీద ఇంకొక బొమ్మ గీశాడు. 1886లో పూర్తి చేశాడు. ఇంచుమించు ఇదే కొలత. ఇప్పుడది అమెరికాలో చికాగోలో ఉంది. అందులో గొడుగులు, బిగించిన గౌన్లు, ఎత్తు టోపీలు, చేతికర్రలు. పెద్దగౌన్ల ఆడవాళ్ళు, కోట్ల దొరలు నీడలో నిలబడి నది వైపు చూస్తుంటారు. అక్కడ కూడా బనియను వేసుకొని పడుకున్న పనివాడొకడు ఉన్నాడు గాని, ఆ దీవి పొందిక అంతా కోటు వేసుకున్నవాళ్ళదే. ఇక్కడ ఎండ, అక్కడ నీడ. ఇక్కడ విప్పిన బట్టలు, అక్కడ బిగించిన బట్టలు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే నది మధ్యలో పారుతుంది. ఈ ఒడ్డు వాళ్ళు ఆ ఒడ్డును చూస్తుంటారు, ఆ ఒడ్డు వాళ్ళు ఈ ఒడ్డును చూస్తుంటారు. మధ్యలో జెండా కట్టిన పడవలో దొర దాటి పోతుంటాడు. ఊరూ పల్లే తెలిసినవాళ్ళకు ఈ బొమ్మ అర్థం కావడానికి పుస్తకాలు అక్కర్లేదు.

ఇంకొక సంగతి బొమ్మలో కనపడదు. ఆ వంతెనలు దాటి కొంచెం దిగువన, క్లిషీ వైపు, పారిస్ నగరపు మురుగు మోసుకొచ్చే పెద్ద కాలువ సీన్ నదిలో కలిసేది. నగరం లోపల శుభ్రం, నగరం బయట మురుగు. ఎక్కడైనా పేదవాడి పేట మురుగు పోయే దిక్కునే ఉంటుందని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. పారిస్ నగరంలో ఆ నదిలో ఈత కొట్టడాన్ని 1923లో నిషేధించారు. నూరేళ్ళు దాటాక, 2025 జూలైలో, కొన్ని చోట్ల మళ్ళీ జనాన్ని దిగనిచ్చారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వాళ్ళ బాధా మన బాధా ఒకటే అని నేను అనడం లేదు. ఆ కుర్రాడు పేదవాడు కావచ్చు. దొర వాణ్ణి చిన్నచూపు చూడొచ్చు. కాని వాడు కాళ్ళు పెట్టినందుకు సీన్ నది మైలపడిందని ఆ దొర అనలేదు. మైల అనే మాట ఈ దేశపు సరుకు. అక్కడ బీదరికం గోడ. ఇక్కడ బీదరికం గోడ మీద కులం ముళ్ళకంచె. ఈ తేడా మరిచిపోయి బొమ్మ చూస్తే మన కళ్ళు మనం పోగొట్టుకున్నట్టే.

నా సంగతి ఒకటి చెబుతాను. చాలామందికి తెలిసిందే. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. నాయన వెంట చేలోకి పోయి వస్తున్నాను. ఎండాకాలం. కాళ్ళు కాలిపోతున్నాయి. ఊర చెరువు రాతిమెట్లు మీకు తెలుసు గదా. అక్కడ ఎవరూ లేరు. నేను పరుగెత్తుకుంటూ పోయి మూడో మెట్టు మీద కూర్చొని కాళ్ళు నీళ్ళల్లో పెట్టాను. ఆ చల్లదనం ఇప్పటికీ నా కాళ్ళల్లో ఉంది. సరిగ్గా ఈ బొమ్మలో కుర్రాడు కూర్చున్నట్టే కూర్చున్నాను. ఎంతసేపు? ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఎవరో చూశారు, ఎవరో కేకేశారు, నలుగురు వచ్చారు. నన్ను ఏమీ అనలేదు. మా నాయనను నిలబెట్టి ఆ మెట్లు కడగమన్నారు. ఆయన తలగుడ్డ విప్పి, ఆ చెరువు నీళ్ళే చేతులతో ముంచి, ఆ మెట్లు కడిగాడు. నా కాళ్ళు పెట్టి మైలపడ్డ నీళ్ళతోనే మైలపడ్డ మెట్లు కడిగించారు. వాళ్ళ శాస్త్రంలో తర్కం అంత మాత్రమే. ఇంటికి వచ్చేదాకా నాయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తలగుడ్డ పిండను కూడా పిండలేదు. అది కారుతూనే ఉంది.

ఈ దేశంలో మన పోరాటం చాలాచోట్ల నీళ్ళ దగ్గరే మొదలయింది. మహద్ లో చౌదార్ చెరువును అందరూ వాడుకోవచ్చని అక్కడి మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద హక్కు వచ్చింది. అయినా మూడేళ్ళపాటు మనవాళ్ళు ఆ నీళ్ళు ముట్టలేదు, ముట్టనియ్యలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలాది మందితో నడిచిపోయి దోసిలితో తాగాడు. ఆ తర్వాత మనవాళ్ళ మీద దాడి చేశారు. కుండలతో మంత్రనీళ్ళు పోసి చెరువును శుద్ధి చేశారు. కోర్టులో పదేళ్ళు నడిచి 1937లో హైకోర్టు మన పక్షాన చెప్పింది. మన దగ్గర కారంచేడు సంగతి ఎవరికి తెలియదు? మంచినీళ్ళ చెరువు పాడు చెయ్యొద్దని అడిగిన దగ్గర గొడవ మొదలై, మర్నాడు 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. చెరువు దగ్గర తిరగబడి నిలిచింది బిందె పట్టుకొచ్చిన ఒక ఆడకూతురు.

మళ్ళీ బొమ్మ దగ్గరికి వద్దాం. ఈ బొమ్మను ఏం చేశారో కూడా తెలుసుకోవాలి. పారిస్ లో సర్కారు గుర్తింపు ఉన్న పెద్ద ప్రదర్శన సలోన్. అక్కడ పెద్దలు కూర్చొని ఏది కళ, ఏది కాదు అని తేల్చేవారు. 1884లో సెరా ఈ బొమ్మను తీసుకుపోతే వద్దన్నారు. వద్దనిపించుకున్నవాళ్ళు అతనొక్కడే కాదు. అందరూ కలిసి అదే సంవత్సరం సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. తాత్కాలికంగా వేసిన షెడ్డులో పెట్టారు. అక్కడ కూడా ఈ బొమ్మకు మంచి గోడ దొరకలేదు, తాగేచోట, క్యాంటీన్లో తగిలించారు. తర్వాత వాళ్ళు సంఘం కట్టుకున్నారు. దాని నియమం ఒక్కటే: తీర్పులు చెప్పే పెద్దలు ఉండరు, బహుమతులు ఉండవు. ఎవరు గీసినా చూపించుకోవచ్చు.

మన చిన్న పత్రికలు ఎందుకు పుట్టాయి? మన పాటలు బుర్రకథ మేళాల్లో, గోడల మీద, కరపత్రాల్లో ఎందుకు పెరిగాయి? వాళ్ళ సలోన్లలో మనకు గోడ ఇవ్వలేదు గనక. మనం క్యాంటీన్ గోడతో మొదలుపెట్టాం. ఫర్వాలేదు. సలోన్ తీర్పు చెప్పిన పెద్దల పేర్లు ఇవ్వాళ ఎవరికీ గుర్తు లేవు.

చివరికి 1924లో ఈ బొమ్మను ఇంగ్లండులో సామ్యూల్ కోర్టాల్డ్ పెట్టిన నిధితో కొన్నారు. ఆయన కృత్రిమ పట్టు తయారుచేసే కంపెనీ యజమాని. ఫ్యాక్టరీ పొగ వెనకాల పెట్టి గీసిన బొమ్మను ఫ్యాక్టరీ లాభమే కొన్నది. లోకం అలా ఉంటుంది. బొమ్మ మాత్రం ఆ లాభం మాట వినదు. అది తన మాట తాను చెబుతూనే ఉంటుంది.

రంగు గురించి ఒక ముక్క. సెరా గుడ్డిగా గీయలేదు. నదికి పోయి చిన్న చిన్న చెక్క పలకల మీద డజనుకు పైగా రంగుల నమూనాలు వేసుకున్నాడు. ఇంట్లో మనుషుల్ని కూర్చోబెట్టి నల్ల సుద్దతో గీసుకున్నాడు. ఆ తర్వాతే పెద్ద గుడ్డ ముట్టాడు. షెవ్రల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి పుస్తకం చదివాడు. ఆ షెవ్రల్ పారిస్ లో తివాచీలు నేసే కర్మాగారంలో అద్దకం విభాగానికి పెద్ద. నల్ల దారం నల్లగా రావడం లేదని ఫిర్యాదు వస్తే ఆయన పరీక్ష చేసి చూశాడు. తప్పు అద్దకంలో లేదు, పక్కన నేసిన రంగులో ఉంది. ఒక రంగు పక్కన ఇంకొక రంగు పెడితే రెండూ మారతాయి. ఈ సంగతి 1839లో పుస్తకంగా వేశాడు. మగ్గం మీద కూర్చున్న మన మాల తాతలకు చేతితోనే తెలిసిన విద్య ఇది. కాకపోతే వాళ్ళ చేతికి అక్షరం ఇవ్వలేదు. బొమ్మలో చూడండి, కుర్రాడి ఒళ్ళు ఎండ తగిలి తెల్లగా ఉన్న చోట పక్క నీళ్ళు ముదురుగా ఉన్నాయి. ఒళ్ళు నీడగా ఉన్న చోట పక్క నీళ్ళు తెల్లబడ్డాయి. అందుకే ఆ మనిషి అంత స్పష్టంగా, ఎవరూ తుడిచెయ్యలేనట్టు కనిపిస్తాడు.

మెచ్చుకోవడమేనా, లోపం లేదా? ఉంది. నిన్న రాత్రి ఈ అట్ట మా ఇంట్లో పెడితే మా పెదమ్మ చూసింది. ఆమె చదువుకోలేదు. యాభై ఏళ్ళు నాట్లు వేసిన మనిషి. చూసి చూసి, "ఒరే అబ్బాయ్, ఇందులో ఆడోళ్ళు ఏరి? ఆ మొగోళ్ళ బట్టలు ఎవురు ఉతికారు?" అంది. నేను పడవలో గొడుగు పట్టుకున్నామెను చూపించాను. "ఆమె బట్టలు ఆమె ఉతుక్కునేదిలాగా లేదులే" అంది.

పెదమ్మ మాటకు తిరుగు లేదు. ఆ రోజుల్లో సీన్ ఒడ్డున చాకిరేవుల్లో వందలమంది ఆడవాళ్ళు బట్టలు ఉతికేవారు. దోమియే అనే చిత్రకారుడు వాళ్ళను గీశాడు, తడి బట్టల మూటతో, పిల్లను పట్టుకొని మెట్లెక్కుతున్నట్టు. కాని అది పనిలో ఉన్న ఆడది. 1853లో కూర్బే దేవకన్యలాగా కాకుండా మామూలు లావుపాటి ఆడమనిషి స్నానం చేస్తున్నట్టు గీస్తే సలోన్లో నానా గోల చేశారు. కష్టం చేసే ఆడది పని ఆపి, ఎవరి చూపూ పట్టించుకోకుండా, నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న ఇంత పెద్ద బొమ్మను సెరా గీయలేదు. మొగోడికి దొరికిన ఆ గంట తీరిక ఆడదానికి బొమ్మలో కూడా దొరకలేదు. మన పల్లెలోనూ అంతే. ఇది దొరల లోపం అని తప్పించుకోకండి, మన ఇళ్ళ లోపం కూడా.

ఇంకొక లోపం. వీళ్ళు ఇంతమంది ఉన్నారు గాని ఒకడితో ఒకడు మాట్లాడరు. పక్కపక్కనే ఉండి ఎవరి లోకం వారిది. సెరా కలిగిన ఇంటి బిడ్డ. దూరం నుంచి చూశాడు. గౌరవంగానే చూశాడు, కాని వాళ్ళ మాటలు అతనికి వినపడలేదు. మనవాళ్ళు నలుగురు చెరువు గట్టున కూర్చుంటే ఎంత నవ్వు, ఎంత తిట్టు, ఎంత పాట! అది లోపలివాడు గీస్తేనే వస్తుంది. అందుకే మన బొమ్మ మనమే గీసుకోవాలి.

ఒక్కడు మాత్రం నోరు తెరిచాడు. ఆ ఎర్రటోపీ పిల్లోడు. సెరా కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చి ఆ టోపీ మీద చుక్కలు చుక్కలుగా రంగులు పెట్టాడు. వాడి మీద అతనికీ మనసు పోయినట్టుంది. వాడు ఎవర్ని పిలుస్తున్నాడు? పడవవాణ్ణా? అవతలి ఒడ్డునా? బొమ్మ చెప్పదు. నేను మాత్రం నూట నలభై ఏళ్ళ అవతలి నుంచి ఆ కేక మన పిల్లల్ని పిలుస్తోందనుకుంటాను.

ఇక నా జవాబు. ఒరే నాయనా, ఎక్కడున్నావో లేచి నిలబడు. ఎవరి నీళ్ళు అని అడిగావు గదా. నీళ్ళు ఎవరు కూర్చుంటే వాళ్ళవి రా. కాగితం మీద హక్కు వచ్చినంత మాత్రాన నీళ్ళు మనవి కావు. మహద్ లో మూడేళ్ళు కాలేదు. మన ఊర చెరువు సంగతి చూడండి. ఇవ్వాళ మనల్ని ఆ మెట్ల మీద ఆపేవాళ్ళు ఎవరూ లేరు. చట్టం ఉంది, కేసులున్నాయి, భయం ఉంది. తాగేది డబ్బా నీళ్ళు గనక ఆ చెరువు ఎవరికీ అంతగా పట్టదు కూడా. అయినా మనం కూర్చోం. పని ఉంటే ఆ గట్టు మీదుగా పోతాం గాని, పని లేకుండా కూర్చోం. నేనూ కూర్చోలేదు. ముప్ఫై ఏళ్ళు దాటింది. పిల్లలకు పాఠాలు చెప్పే మేస్టారిని, మైకు ముందు ఇంత మాట్లాడేవాణ్ణి, ఆ మూడో మెట్టు దాకా పోయి ఎన్నోసార్లు వెనక్కి తిరిగి వచ్చాను. ఎవరూ ఆపలేదు. మా నాయన తలగుడ్డ ఆపింది.

రేపు సాయంత్రం ఐదు గంటలకు నేను పోతున్నాను. కాగితాలు, రంగు పెన్సిళ్ళు కొని తెచ్చాను. పిల్లలందరూ రండి. మీ అమ్మల్ని, నాయనల్ని, మామ్మల్ని తీసుకురండి. మెట్ల మీద కూర్చుందాం. కాళ్ళు నీళ్ళల్లో పెడదాం. పిల్లలు గీస్తారు. బాగా రాకపోయినా ఫర్వాలేదు, తీర్పు చెప్పే పెద్దలు ఎవరూ ఉండరు, బహుమతులూ ఉండవు. అన్నీ ఈ గ్రంథాలయం గోడకు అంటిద్దాం. గొడవకు పోవడం లేదు. ఊరికే కూర్చోవడానికి పోతున్నాం.

పెదమ్మ ముందే చెప్పింది, మూడో మెట్టు తనకు కావాలని. సరే అన్నాను. నేను నాలుగో మెట్టు మీద కూర్చుంటాను.

జై భీమ్.